ఆహ్వానం ఉంటేనే చేరనిచ్చే స్టార్టప్ ఉద్యోగ సైట్లు: నమ్మే ముందు ఎలా పరీక్షించుకోవాలి

"స్టార్టప్ ఉద్యోగాల సైటు నుంచి ఇన్వైట్ వచ్చింది. రెండు రోజుల్లో చేరకపోతే రద్దవుతుందట. చేరమంటారా?" ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. హైదరాబాద్, బెంగళూరుల్లో రెండు మూడేళ్ల అనుభవం ఉన్న ఇంజినీర్లు అడుగుతున్నారు, అప్పుడే డిగ్రీ పూర్తిచేసినవాళ్లు అడుగుతున్నారు, అమెరికాలో ఓపీటీ (చదువుకు అనుబంధంగా అక్కడ పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) గడువు లెక్కపెట్టుకుంటున్న విద్యార్థులూ అడుగుతున్నారు.

చేరడం తప్పేమీ కాదు. కానీ ఆహ్వానం వచ్చినంత మాత్రాన లోపల ఉద్యోగం ఉన్నట్టు కాదు. జనాన్ని రప్పించడానికి ఆహ్వానం ఒక పాత పద్ధతి. 2004 ఏప్రిల్ 1న మొదలైన జీమెయిల్‌లో ఖాతా కావాలంటే ముందుగా చేరినవాళ్లెవరైనా పిలవాల్సి వచ్చేది, ఆ పిలుపులను ఈబేలో డబ్బు పెట్టి కొన్నవాళ్లూ ఉన్నారు. పాత సోషల్ సైటు ఆర్కుట్ కూడా అలాగే మొదలైంది. ఆడియో కబుర్ల యాప్ క్లబ్‌హౌస్ 2021 జూలై వరకు పిలిచినవాళ్లనే రానిచ్చింది. వాటిలో చేరితే కనీసం చేతికి పనికొచ్చేది ఏదో ఒకటి దొరికింది. ఉద్యోగ సైటు సంగతి అలా కాదు. అభ్యర్థులు ఎంతమంది చేరినా, నియమించుకునే కంపెనీలు లేకపోతే అది ఖాళీ గదే. పెళ్లిళ్ల పేరయ్య సంచిలో ఫొటోలు ఎన్ని ఉన్నా, అవతలి వైపు అడిగేవాళ్లు లేకపోతే సంబంధం కుదరదు.

అందుకని ఆహ్వానాన్ని పక్కన పెట్టి, అవతలి వైపు ఎవరున్నారో తేల్చుకునే పద్ధతి కింద ఇస్తున్నాను. ఒక సాయంత్రం కేటాయిస్తే మొదటి ఐదు మెట్లు పూర్తవుతాయి.

కావాల్సినవి

• ఉద్యోగాల కోసమే వాడే ఒక ఈమెయిల్. జీమెయిల్ ఉన్నవాళ్లు కొత్తది తెరవనక్కర్లేదు. మీ చిరునామాలో "ఎట్" గుర్తుకు ముందు ప్లస్ గుర్తు, దాని పక్కన ఆ సైటు పేరు చేర్చి ఇవ్వండి. ఉత్తరాలు మామూలుగానే మీకు చేరతాయి. రేపు అదే చిరునామాకు సంబంధం లేని కోర్సుల ప్రకటనలు వస్తే మీ వివరాలు ఎక్కడి నుంచి బయటకు వెళ్లాయో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అప్పుడు వేరే ఖాతా తెరవండి.

• పలుచటి రెజ్యూమే ఒకటి. ఊరి పేరు చాలు, ఇంటి చిరునామా వద్దు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఆధార్, పాన్ ఏవీ ఉండకూడదు.

• నోట్‌బుక్కో, ఎక్సెల్ షీటో. చూసినవి, అడిగినవి, వచ్చిన జవాబులు తేదీలతో రాయడానికి.

• మీ హద్దులు. ఎంత జీతానికి తక్కువైతే వెళ్లరు, ఏ ఊరు, నోటీస్ పీరియడ్ ఎంత. ఇవి ముందే రాసి పెట్టుకోకపోతే, "మిమ్మల్ని ఎంపిక చేశాం" అనే మాట విన్న సంతోషంలో అన్నీ జారిపోతాయి.

• స్టార్టప్‌లో పనిచేస్తున్న స్నేహితులు ఒకరిద్దరు. లేకపోతే కాలేజీ సీనియర్లు.

1. పిలిచింది ఎవరో చూడండి

మీకు తెలిసిన మనిషి పంపి ఉంటే ఆ మనిషికి ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, ఫోనే చేయండి. అడగాల్సింది ఒక్కటే: "ఈ సైటు ద్వారా నీకు గానీ, నీకు తెలిసినవాళ్లకు గానీ ఉద్యోగం వచ్చిందా?" చాలాసార్లు వచ్చే జవాబు, "లేదు, ఐదుగురిని పిలిస్తే వరుసలో ముందుకు వెళ్తామని ఉంది, అందుకే పంపాను" అని. అలాంటప్పుడు ఆ పిలుపు మీ స్నేహితుడి సిఫార్సు కాదు, అతని చేత సైటు చేయించుకున్న ప్రచారం.

తెలియనివాళ్లు పంపి ఉంటే పంపిన చిరునామాలో "ఎట్" తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం చదవండి. పేరున్న సైటు పేరులో ఒక అక్షరం మార్చి, చివర "జాబ్స్" అనో "కెరీర్స్" అనో తగిలించి పంపడం మోసగాళ్లకు అలవాటు. మెయిల్‌లో ఉన్న లింకు నొక్కకుండా, సైటు పేరును మీరే టైపు చేసి వెళ్లండి.

హెచ్చరిక: వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే "ఎంపిక చేసినవారికి మాత్రమే" పిలుపులకు ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. వదిలేయండి.

2. సైటు వెనుక ఉన్న కంపెనీని పట్టుకోండి

మన దేశంలో ఆన్‌లైన్ వ్యాపారం చేసే కంపెనీ తన వెబ్‌సైటు మొదటి పేజీలో పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ (ప్రభుత్వం కంపెనీకి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఫోను, ఈమెయిల్ చూపించాలని నిబంధన ఉంది. చాలామంది వాటిని నిబంధనల పేజీలోనో, గోప్యత పేజీలోనో అడుగున పెడతారు. అక్కడా లేకపోతే మొదటి అనుమానం రాసుకోండి.

సీఐఎన్‌లో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. రాష్ట్రాన్ని సూచించే రెండు అక్షరాల తర్వాత వచ్చే నాలుగు అంకెలు కంపెనీ రిజిస్టర్ అయిన సంవత్సరం. "పదేళ్లుగా నియామకాల్లో ఉన్నాం" అని చెప్పే సైటు సీఐఎన్‌లో నిరుటి సంవత్సరం ఉంటే ఇంక అడగాల్సింది లేదు. తర్వాత కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కంపెనీ మాస్టర్ డేటా తెరిచి పేరు వెతకండి. ఖాతా తెరవమని అడిగితే తెరవండి, ఖర్చు ఉండదు. స్థితి దగ్గర "యాక్టివ్" అని ఉండాలి. "స్ట్రక్ ఆఫ్" అని ఉంటే ఆ పేరును రిజిస్టర్ నుంచి తీసేశారని అర్థం.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. పెయిడప్ క్యాపిటల్ (షేర్ల ముఖ విలువ కింద జమైన మూలధనం) లక్ష రూపాయలే అని చూసి బెదిరిపోవడం ఒకటి. పెట్టుబడిదారులు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం షేర్ ప్రీమియం (ముఖ విలువకు పైన చెల్లించే మొత్తం) కింద చేరుతుంది, కాబట్టి కోట్ల పెట్టుబడి వచ్చిన స్టార్టప్‌కు కూడా ఆ గడిలో చిన్న అంకె ఉండొచ్చు. రెండోది దీనికి తిరగబడింది. కంపెనీ రిజిస్టర్ అయి ఉంది కాబట్టి నమ్మొచ్చు అనుకోవడం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టడం పెద్ద పనేమీ కాదు. మాదాపూర్, కొండాపూర్ ప్రాంతాల్లో నిరుద్యోగుల దగ్గర డబ్బు వసూలు చేసి బోర్డు తిప్పేసినవాటిలోనూ రిజిస్టర్ అయిన కంపెనీలు ఉన్నాయి.

జీఎస్‌టీ నంబరు కనిపిస్తే జీఎస్‌టీ పోర్టల్‌లో అదీ వెతకండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. చిరునామా ఒకచోట, నంబరు మరోచోట ఉంటే కారణం అడగండి. వెబ్‌సైటు పేరు ఎప్పుడు నమోదైందో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ నడిపే లుకప్ పేజీ ఉంది. అదీ ఉచితమే.

3. డబ్బు ఎవరు ఇస్తున్నారో అడగండి

నియామకాల వ్యాపారంలో డబ్బు ఇచ్చేది కంపెనీ. మన దేశంలో కన్సల్టెన్సీలు మామూలుగా చెప్పే రేటు వార్షిక సీటీసీలో (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చులో) 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అమెరికాలో ఇది మొదటి సంవత్సరం జీతంలో 15 నుంచి 25 శాతం వరకు ఉండటం మామూలు. ఇంత ఆదాయం అవతలి వైపు నుంచి వచ్చే చోట, అభ్యర్థి దగ్గర 999 రూపాయలు అడగాల్సిన అవసరం ఎందుకు వచ్చింది?

సభ్యత్వ రుసుము, ప్రొఫైల్ పరిశీలన రుసుము, వరుసలో ముందుకు జరపడానికి రుసుము, తిరిగి ఇచ్చేస్తామనే డిపాజిట్... పేరు ఏదైనా సరే, మీ జేబులోంచి డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. ఈ విషయంలో నేను మినహాయింపు ఇవ్వను. మన దగ్గర "బ్యాక్‌డోర్" ఉద్యోగాల పేరుతో తల్లిదండ్రులు అప్పు చేసి లక్షలు కట్టిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆహ్వానం పేరుతో వచ్చే రుసుములు అదే ఆశ మీద బతుకుతున్నాయి, కాస్త మర్యాదగా కనిపిస్తాయి అంతే.

డబ్బు నేరుగా అడగకుండా, "మీ ప్రొఫైల్ ఇంకా సిద్ధంగా లేదు, మా భాగస్వామి దగ్గర ఈ కోర్సు చేయండి" అనే సైట్లూ ఉన్నాయి. అవి కోర్సుల దుకాణాలు. కోర్సు మంచిదే కావచ్చు, ఆ సంగతి వేరే రోజు వేరుగా ఆలోచించుకోండి. ఉద్యోగం కోసం వచ్చి కోర్సు కొని వెళ్లకండి.

4. ఐదు ఉద్యోగాల పరీక్ష

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. ఓపిగ్గా చేయండి.

సైటులో ఖాతా తెరిచాక దేనికీ దరఖాస్తు పంపకండి. ప్రొఫైల్ కూడా పూర్తిగా నింపకండి. మీకు సరిపోయే ఐదు ఉద్యోగాలు ఎంచుకుని, ఒక్కొక్కదానికి కంపెనీ పేరు, పదవి, జీతం, ప్రకటన తేదీ షీటులో రాసుకోండి. తర్వాత బయటకు వచ్చి ఆ కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో, లింక్డ్‌ఇన్‌లో, 2022 వరకు ఏంజెల్‌లిస్ట్ టాలెంట్ అనే పేరుతో ఉన్న వెల్‌ఫౌండ్‌లో, నౌక్రీలో వెతకండి. పెట్టుబడి సంస్థల పేజీలూ చూడండి. వై కాంబినేటర్‌కు తన స్టార్టప్‌ల ఉద్యోగాలన్నీ ఒకచోట పెట్టిన సైటు ఉంది. యాక్సెల్, పీక్ ఎక్స్‌వీ లాంటి సంస్థలకూ అలాంటి పేజీలు ఉన్నాయి. వీటికి ఆహ్వానం అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు.

ఫలితం ఎలా చదవాలంటే:

నాలుగైదు ఉద్యోగాలు బయటా కనిపిస్తే, ఆ సైటు మీకు ప్రత్యేకంగా ఇస్తున్నది ఏమీ లేదు. నేరుగా కంపెనీకే పంపండి. మీరు నేరుగా వస్తే కంపెనీకి ఒక నెల జీతమంత రుసుము మిగులుతుంది, ఖర్చు చూసుకునే చిన్న స్టార్టప్‌కు అది చిన్న విషయం కాదు. కంపెనీ లోపల పనిచేసేవాళ్లు ఎవరైనా రెఫర్ చేస్తే ఇంకా మంచిది.

బయట కనిపించకపోతే వెంటనే మురిసిపోకండి. రెండు కారణాలు ఉండొచ్చు. ఉద్యోగం నిజంగా ఆ సైటులోనే ఉండొచ్చు, లేదా పోస్టు ఎప్పుడో నిండిపోయినా ప్రకటన తీయకుండా ఉంచి ఉండొచ్చు. తేల్చుకోవడానికి కంపెనీకే చిన్న ఉత్తరం రాయండి. ఇంగ్లీషులో రాయాల్సి వస్తుంది కాబట్టి భావం చెబుతాను: "మీ కంపెనీలో ఫలానా పదవి ఖాళీగా ఉన్నట్టు ఫలానా సైటులో చూశాను. ఆ నియామకం ఇంకా జరుగుతోందా? జరుగుతుంటే దరఖాస్తు మీకే పంపాలా, ఆ సైటు ద్వారా పంపాలా?" రెండు మూడు వాక్యాలు దాటొద్దు. పదిమందో ఇరవైమందో ఉన్న స్టార్టప్‌లలో ఫౌండరే స్వయంగా జవాబిచ్చే అవకాశం ఉంది. "మేము ఆ సైటులో ఎప్పుడూ ప్రకటన పెట్టలేదు" అని వస్తే, ఆ ఒక్క జవాబుతో సైటు సంగతి తేలిపోయింది.

కంపెనీ పేరే చూపించకుండా "సిరీస్ ఏ దశలో ఉన్న ఫిన్‌టెక్ స్టార్టప్" (అంటే తొలి పెద్ద పెట్టుబడి దశలో ఉన్న ఆర్థిక సేవల టెక్ కంపెనీ) అని రాసేవి మూడో రకం. పేరు దాచడానికి న్యాయమైన కారణాలు ఉంటాయి. ఇంకా పనిలో ఉన్న ఒకరి స్థానంలో కొత్త మనిషిని వెతుకుతూ ఉండొచ్చు, ఉత్పత్తి ఇంకా రహస్యంగా ఉండొచ్చు. కానీ ఐదింటిలో ఐదూ అలాగే ఉంటే అది కారణం కాదు, అలవాటు. పేరు ఏ దశలో చెబుతారని అడగండి. మొదటి సంభాషణకు ముందు చెబుతాం అంటే సరే. "ఇంటర్వ్యూ అయ్యాక" అంటే వద్దు.

హెచ్చరిక: దరఖాస్తు మీట నొక్కే ముందు నిబంధనల్లో ఒక విషయం వెతకండి. సైటు ద్వారా ఒకసారి మీ ప్రొఫైల్ కంపెనీకి వెళ్తే, ఆ తర్వాత ఆరు నెలలో, సంవత్సరమో మీరు ఏ దారిలో చేరినా రుసుము సైటుకే చెందుతుందని కంపెనీతో ఒప్పందం ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. తర్వాత మీ స్నేహితుడు మిమ్మల్ని రెఫర్ చేసినా ఆ రుసుము గొడవలో పడి హెచ్‌ఆర్ మీ దరఖాస్తును పక్కన పెట్టేయవచ్చు. అందుకే ముందు నేరుగా ప్రయత్నించండి, దారి లేకపోతేనే సైటు ద్వారా వెళ్లండి.

5. స్టార్టప్‌నూ అదే జల్లెడ పట్టండి

సైటు నిజమైనదైనా లోపల ఉన్న ప్రతి స్టార్టప్ నిజమైనది కానక్కర్లేదు. "మేము పరిశీలించిన కంపెనీలు మాత్రమే" అనే మాటకు ఏం పరిశీలించారో సైటు చెప్పగలగాలి.

రెండో మెట్టులోని మాస్టర్ డేటా ఇక్కడా వాడండి. దానితో పాటు ప్రావిడెంట్ ఫండ్ (పీఎఫ్) నడిపే ఈపీఎఫ్ఓ వెబ్‌సైటులో సంస్థల వెతుకులాట ఉంది. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులు ఉన్న సంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. కంపెనీ పేరు కొట్టి, నెలవారీ చెల్లింపులు ఉన్నాయా, ఎంతమంది తరఫున కట్టారు అన్నది చూడండి. "120 మంది జట్టు" అని చెప్పే కంపెనీ ఎనిమిది మందికే కడుతుంటే అడగాల్సిన విషయమే. అయితే జీతం నిర్ణీత పరిమితి దాటినవాళ్లు కొందరు పీఎఫ్ పరిధిలోకి రాకపోవచ్చు, కాంట్రాక్టర్లు ఉండొచ్చు. కాబట్టి అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. నెలలు వరుసగా ఉన్నాయా, మధ్యలో చెల్లింపులు ఆగిపోయాయా అన్నది ఇంకా ముఖ్యం. జీతాలు ఆలస్యమయ్యే కంపెనీ ఆ పేజీలో ముందే బయటపడుతుంది.

2016 జనవరి 16న మొదలైన స్టార్టప్ ఇండియా కార్యక్రమం కింద కేంద్రం గుర్తింపు పత్రం ఇస్తుంది. ఆ పత్రం నంబరును వాళ్ల పోర్టల్‌లో సరిచూడొచ్చు. కానీ ఆ గుర్తింపు పన్ను, నిబంధనల సౌలభ్యాల కోసం ఇచ్చేది, కంపెనీ జీతాలు ఇవ్వగలదని హామీ కాదు. హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు చోటు, సాయం ఇచ్చే టీ-హబ్‌లో సీటు ఉందని చెప్పినా అంతే.

అమెరికా స్టార్టప్ అయితే: ప్రైవేటుగా పెట్టుబడి సేకరించిన కంపెనీలు సాధారణంగా మొదటి అమ్మకం జరిగిన 15 రోజుల్లో అక్కడి షేర్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఫారం డి దాఖలు చేయాలి. ఎడ్గర్ అనే ఉచిత పేజీలో అది కనిపిస్తుంది. కొందరు దాఖలు చేయరు, కాబట్టి లేకపోవడం మోసానికి రుజువు కాదు. ఉంటే మాత్రం చెప్పిన అంకెతో పోల్చుకోండి.

ఇండియాలో కూర్చుని విదేశీ స్టార్టప్‌కు పనిచేయబోతుంటే ఆఫర్ లెటర్ మీద సంతకం చేసేది ఏ కంపెనీ అన్నది ముందే అడగండి. ఇక్కడి అనుబంధ సంస్థా, మధ్యవర్తి సంస్థా, లేక మిమ్మల్ని కాంట్రాక్టర్‌గా తీసుకుంటున్నారా? పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవులు అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. ఈసాప్స్ (ఉద్యోగులకు ముందే చెప్పిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) గురించి ఒక్క మాట: మన కంపెనీల చట్టం నిబంధనల ప్రకారం అవి ఇచ్చిన తేదీకి, మీ హక్కు మొదలయ్యే తేదీకి మధ్య కనీసం ఒక సంవత్సరం ఉండాలి. "చేరిన రోజే షేర్లు మీవి" అని ఇక్కడి ఈసాప్స్ గురించి చెప్పేవాళ్లకు విషయం తెలియదు, లేదా మీకు తెలియకూడదనుకుంటున్నారు.

6. సమాచారం కొద్దికొద్దిగా ఇవ్వండి

మూసి ఉన్న సైటు కదా, మన వివరాలు భద్రం అనుకుంటారు చాలామంది. 2020 మేలో ట్రిపుల్‌బైట్ అనే అమెరికన్ సైటు చేసిన పని చూడండి. ప్రోగ్రామర్లకు పరీక్ష పెట్టి స్టార్టప్‌లకు పరిచయం చేసే ఈ సైటు, తన దగ్గర ఉన్న ప్రొఫైళ్లను అందరికీ కనిపించేలా చేస్తున్నామని, వద్దనుకునేవాళ్లు చెప్పుకోవాలని ఉత్తరం పంపింది. ఉన్న ఉద్యోగంలో తెలియకుండా వెతుక్కుంటున్నవాళ్లు ఎంత కంగారుపడి ఉంటారో ఊహించండి. గొడవ పెద్దదయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. పేరున్న సైటులోనే తలుపు ఇలా తెరుచుకోబోయింది.

పాటించాల్సినవి:

ప్రస్తుత కంపెనీ పేరును "ఈ కంపెనీకి నా ప్రొఫైల్ చూపించొద్దు" అనే జాబితాలో పెట్టే వీలుందో లేదో చూడండి. లేకపోతే ప్రొఫైల్‌లో కంపెనీ పేరు బదులు రంగం పేరు రాయండి.

గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యేటప్పుడు ఏ అనుమతులు అడుగుతోందో చదవండి. పేరు, ఈమెయిల్ వరకు సరే. మెయిల్స్ చదివే అనుమతి, కాంటాక్ట్స్ అనుమతి ఇవ్వకండి. కాంటాక్ట్స్ ఇస్తే మీ పేరుతో మీ మేనేజర్‌కు కూడా పిలుపు వెళ్లిపోవచ్చు. ఇలా సభ్యుల పేరుతో వాళ్ల పరిచయస్తులకు పదే పదే ఉత్తరాలు పంపిన కేసులో లింక్డ్‌ఇన్ 2015లో 1.3 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు, పాత జీతం స్లిప్పులు సైటుకు ఇవ్వనే వద్దు. అవి ఆఫర్ వచ్చాక కంపెనీ హెచ్‌ఆర్‌కు ఇచ్చేవి. అప్పుడు కూడా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో అడగండి. ప్రస్తుత జీతం గడి తప్పనిసరి అయితే, ఆశిస్తున్న జీతమే అందులోనూ రాసి, పక్కన ఆ సంగతి స్పష్టంగా చెప్పండి. అబద్ధపు అంకె మాత్రం వేయకండి, తర్వాత స్లిప్పులు అడిగినప్పుడు మీకే ఇబ్బంది.

7. ఫోన్‌లో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

సైటు తరఫున ఎవరైనా మాట్లాడితే, వాళ్ల ప్రశ్నలు అయ్యాక మీరు అడగండి:

"గత మూడు నెలల్లో నా అనుభవం ఉన్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది మీ ద్వారా చేరారు?"
"వాళ్లలో ఒకరితో మాట్లాడించగలరా?"
"నా ప్రొఫైల్ ఏ కంపెనీకి పంపినా ముందు నన్ను అడుగుతారా?"
"ఖాతా తీసేయమంటే ఎన్ని రోజుల్లో తీసేస్తారు?"

జవాబుల కంటే వాళ్లు తడబడే చోటును గమనించండి. నిజంగా పనిచేసే రిక్రూటర్ మొదటి ప్రశ్నకు "ముగ్గురు" అనో "ఎవరూ లేరు, మేము ఈ మధ్యే మొదలుపెట్టాం" అనో చెబుతారు. రెండో రకం జవాబు చెప్పినవాళ్లను నేనైతే గౌరవిస్తాను, వాళ్లతో ముందుకు వెళ్లడానికి అభ్యంతరం లేదు. "వందలమంది, వివరాలు చెప్పకూడదు" అన్నవాళ్లతో వద్దు.

8. మూడు వారాల గడువు పెట్టుకోండి

అన్నీ సరిగ్గా ఉంటే చేరండి, కానీ గడువుతో. మూడు వారాలు సరిపోతుంది. ఆ మూడు వారాలూ మీ ఉద్యోగ వేటలో ఐదో వంతు సమయానికి మించి ఈ సైటుకు ఇవ్వకండి. మిగతాది నేరు దరఖాస్తులకు, రెఫరల్స్‌కు. పొరపాట్లన్నిటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే: లోపలికి రానిచ్చారు కదా అని బయట వెతకడం మానేసి, వెయిట్‌లిస్ట్‌లో తమ అంకె తగ్గుతుంటే చూస్తూ నెలలు పోగొట్టుకోవడం. వరుసలో 4,000 నుంచి 900కు రావడం పురోగతి కాదు. ఆ అంకెను ఏ లెక్కన వేస్తున్నారో వాళ్లకే తెలుసు.

గడువు ముగిశాక షీటు తెరిచి మూడు గడులు చూడండి. కంపెనీ మనిషితో జరిగిన సంభాషణలు ఎన్ని? సైటు ఉద్యోగులతో మాట్లాడినవి లెక్కలోకి రావు. "మీ ప్రొఫైల్‌ను పన్నెండు మంది చూశారు" అనే సందేశాలూ లెక్కలోకి రావు. రెండోది, మీరు రాసుకున్న హద్దుల్లో ఉన్న జీతం ఎన్నిటిలో ఉంది? మూడోది, అదే సమయంలో నేరుగా పంపిన దరఖాస్తుల నుంచి ఎన్ని సంభాషణలు వచ్చాయి? సమయంతో పోల్చి చూస్తే సైటు వెనకబడి ఉందంటే వదిలేయండి. ముందుంటే ఇంకో మూడు వారాలు ఇవ్వండి.

ఎవరికి పనికొస్తాయంటే: మూడేళ్ల పైన అనుభవం ఉండి, ఒక పనిలో నైపుణ్యం చూపించగలిగి, తెలియకుండా ఉద్యోగం మారాలనుకునేవాళ్లకు మంచి సైట్లు నిజంగా సాయపడతాయి. వేల దరఖాస్తులు చదివే తీరిక లేని ఫౌండర్‌కు ముందే వడపోసిన ఇరవై పేర్లు దొరకడం విలువైనదే. ఇప్పుడే చదువు పూర్తయినవాళ్లకు మాత్రం నా సలహా సూటిగా చెబుతాను: ఈ సైట్ల మీద సమయం పెట్టకండి. ఈ ఫౌండర్లు ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లనే వెతుకుతారు. మీరు కట్టిన చిన్న ప్రాజెక్టును చూపిస్తూ పది స్టార్టప్‌లకు నేరుగా రాయడం మేలు.

అమెరికాలో ఓపీటీ మీద ఉన్నవాళ్లకు

ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) చదువులవాళ్లకు ఇచ్చే పొడిగింపు వచ్చాక మరో 60 కలిపి 150. ఆ రోజులు తరిగిపోతుంటే ఏ పిలుపైనా దేవుడు పంపినట్టే అనిపిస్తుంది, ఆ సంగతి మోసగాళ్లకూ తెలుసు. స్టెమ్ పొడిగింపుకు కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగులకు పని అనుమతి ఉందో లేదో సరిచూసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థలో) నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళిక కోసం ఐ-983 ఫారం నింపాలి, జీతం లేని స్వచ్ఛంద పని చెల్లదు. ఈ-వెరిఫైలో ఉన్న కంపెనీలను బహిరంగంగా వెతకొచ్చు. దరఖాస్తుకు ముందే వెతకండి.

"కాగితం మీద ఉద్యోగం చూపిస్తాం, రోజుల లెక్క ఆగుతుంది" అనే మాట ఎక్కడ వినిపించినా పారిపోండి. 2020 అక్టోబర్‌లో అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు లేని కంపెనీల్లో పనిచేస్తున్నట్టు చూపిన 15 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. వాళ్లలో 11 మంది భారతీయులు. సందేహం ఉంటే మీ యూనివర్సిటీ డీఎస్ఓను (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని) అడగండి, సైటు వాళ్లను కాదు.

థాయ్‌లాండ్, కంబోడియా "టెక్ స్టార్టప్" పిలుపులు

డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్, కస్టమర్ సపోర్ట్, నెలకు లక్ష రూపాయల జీతం, టికెట్ వాళ్లదే, ఇంటర్వ్యూ పది నిమిషాలు. ఈ రకం ఆహ్వానాల గురించి విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించింది. అలా వెళ్లిన యువకులను మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతానికి తరలించి బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. 2024లో కంబోడియా నుంచి బయటపడినవాళ్లలో విశాఖపట్నం చుట్టుపక్కలవాళ్లూ ఉన్నారు, వాళ్లను పంపిన ఏజెంట్ల మీద విశాఖ పోలీసులు కేసులు పెట్టారు. విదేశానికి పంపే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు అంటే విమానం ఎక్కకండి.

బయటికి రావడం, ఫిర్యాదు చేయడం

వదిలేయాలనుకున్నప్పుడు యాప్ తీసేస్తే సరిపోదు, ఖాతా అలాగే ఉంటుంది. ముందు గూగుల్, గిట్‌హబ్, లింక్డ్‌ఇన్ సెట్టింగ్స్‌లో ఆ సైటుకు ఇచ్చిన అనుమతి రద్దు చేయండి. తర్వాత సైటులో ఖాతా తొలగింపు నొక్కండి. ఆ మీట లేకపోతే వాళ్ల ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాయండి: నా ఖాతా, రెజ్యూమే, పరీక్ష ఫలితాలు తొలగించండి, ఇప్పటివరకు ఏయే కంపెనీలకు పంపారో జాబితా ఇవ్వండి, పూర్తయ్యాక జవాబు రాయండి. ఆ జాబితా తప్పకుండా అడగండి. నాలుగో మెట్టులో చెప్పిన రుసుము గొడవ తర్వాత ఎదురైతే అదే మీ ఆధారం.

డబ్బు పోయి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకండి. వెంటనే 1930కు ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బును ఆపే వీలు అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, వాళ్ల ఫోను నంబరు, సందేశాల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. డబ్బు పోలేదు గానీ పిలుపు మోసమని తేలితే, సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో ఆ ఫోను నంబరును, సందేశాన్ని నమోదు చేయండి. సైటు మీకు కాలేజీ వాట్సాప్ గ్రూపు ద్వారా తెలిసి ఉంటే, తేలిన విషయాన్ని అదే గ్రూపులో ఆధారాలతో పెట్టండి. అక్కడే మరికొందరు ఇంకా చేరాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటారు.